చీరల దుకాణంలో కొనుగోలుదారు నడిచే దారి: తెలుసుకోవడం ఎలా, సరిచేయడం ఎలా

పెళ్లి బట్టలు కొనడానికి వచ్చిన కుటుంబం మీ దుకాణంలో మూడు నాలుగు గంటలకు మించి ఉండదు. కానీ వారి లెక్కలో ఆ కొనుగోలు లగ్నపత్రిక రాసుకున్న నాడే మొదలవుతుంది; పెళ్లయి, వ్రతమయి, ఆ పట్టుచీరను తొలిసారి డ్రై క్లీనింగ్‌కు ఇచ్చి తిరిగి బీరువాలో పెట్టుకునేదాకా ముగియదు. దుకాణదారుకు మాత్రం గుమ్మానికీ గల్లాపెట్టెకూ మధ్య జరిగేదే కనిపిస్తుంది. వ్యాపార పాఠాల్లో కస్టమర్ జర్నీ అని పిలిచే ఈ మొత్తం దారిని ఒక మధ్యతరహా చీరల దుకాణం ఎలా తెలుసుకోవచ్చో, ఎక్కడెక్కడ సరిచేసుకోవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాను. బట్టల దుకాణాల్లో మొదట సేల్స్‌మన్‌గా, తరువాత లెక్కలు చూసే మనిషిగా చాలా ఏళ్లు పనిచేశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. దుకాణానికి చెడ్డపేరు చీర వల్ల రావడం తక్కువ. పని ఒకరి చేతిలోంచి మరొకరి చేతికి మారే చోట రావడం ఎక్కువ. కింద చెప్పే పద్ధతి ఆ చేతులు మారే చోట్లను పట్టుకోవడానికే.

ముందుగా ఒక్క రకం కొనుగోలుదారును ఎంచుకోండి

మా కస్టమర్లు ఇలా కోరుకుంటారు, అలా కోరుకుంటారు అని అందరినీ ఒక గాటన కట్టి మాట్లాడడం మానుకోవాలి. వరలక్ష్మీ వ్రతానికి ఒక్క చీర కోసం ఆఫీసు నుంచి నేరుగా వచ్చే ఉద్యోగిని దారి వేరు, ఆషాఢం తగ్గింపుల్లో ఏడాదికి సరిపడా కొనుక్కునే గృహిణి దారి వేరు, పెట్టుపోతల కోసం ఒకే ధరలో ముప్పై చీరలు అడిగే పెళ్లివారి దారి మరీ వేరు. అన్నింటినీ ఒకేసారి గీయబోతే ఏదీ పూర్తికాదు. మొదటిసారి పెళ్లి బృందాన్నే ఎంచుకోమని నా సలహా. అందరికంటే ఎక్కువ సొమ్ము వారి నుంచే వస్తుందని కాదు; వారి పని మీ దుకాణంలో అందరికంటే ఎక్కువ చేతులు మారుతుంది కాబట్టి, లోపాలన్నీ వారి దారిలోనే బయటపడతాయి.

పెళ్లి బృందం ఒక మనిషి కాదన్న సంగతి కూడా కాగితం మీద రాసుకోవాలి. కట్టుకునేది పెళ్లికూతురు, డబ్బు ఇచ్చేది తండ్రి, బేరం చూసేది మేనత్త, చివరి మాట చెప్పేది చాలాసార్లు ఒక మూల కూర్చుని పెద్దగా మాట్లాడని అమ్మమ్మ. సేల్స్‌మన్ పెళ్లికూతురి వైపు తిరిగి గంటసేపు చీరలు విప్పుతాడు. కింద పరుపు మీద కూర్చోలేక మోకాళ్లు నొప్పి పెట్టిన అమ్మమ్మ "ఇంకో దుకాణం కూడా చూద్దామే" అంటుంది, బృందం లేచిపోతుంది. ఆ అమ్మకం పోయింది ధర వల్ల కాదు, ఒక కుర్చీ లేకపోవడం వల్ల. కానీ ఆ రోజు పుస్తకంలో "రేటు కుదరలేదు" అనే రాస్తారు.

ఆ దారిన మీరే నడవండి

రెండో పని నోటుపుస్తకం పట్టుకుని నడవడం. సీసీ కెమెరాలో చూస్తే సరిపోదు, ఎందుకంటే అందులో మాటలు వినిపించవు, వీధి కనిపించదు. వరుసగా మూడు ఆదివారాలు, రోజుకు రెండు బృందాల చొప్పున ఆరు బృందాలను, వారి అనుమతి తీసుకుని, దూరం నుంచి గమనించండి. బండి ఎక్కడ పెట్టారో, ఎంతసేపు వెతుక్కున్నారో అక్కడినుంచి మొదలుపెట్టాలి. ప్రతి మలుపు దగ్గరా సమయం, అప్పుడు వారితో మాట్లాడిన ఉద్యోగి, వారు అన్న మాట ఉన్నదున్నట్టుగా రాయాలి. "అసంతృప్తి చెందారు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "ఇందాక చెప్పాను కదండీ, మళ్లీ చెప్పాలా?" అని రాస్తే ఏ చోట కథ తెగిందో తెలుస్తుంది. ఆరు బృందాల దగ్గర ఈ ఒక్క వాక్యం ఎన్నిసార్లు వినబడిందో లెక్కపెట్టండి. ఏ సర్వే కంటే కూడా ఆ లెక్క మీకు ఎక్కువ చెబుతుంది.

ఇలా నడిచినప్పుడు మనకు అలవాటై కనపడకుండా పోయినవి కనపడతాయి. ఒక ఉదాహరణ చూడండి. ట్యూబులైట్ల కింద చిలకపచ్చగా కనిపించిన చీర ఎండలో మరో రంగు తేలుతుందని ఆడవాళ్లందరికీ తెలుసు. అందుకే చీర నచ్చిన తరువాత దాన్ని చేతిమీద వేసుకుని గుమ్మం దాకా వెళ్లి వెలుతురులో చూస్తారు. చాలా దుకాణాల్లో అదే క్షణాన గుమ్మం దగ్గరున్న సెక్యూరిటీ మనిషి బిల్లు అడుగుతాడు, లేదా సేల్స్‌మన్ వెనకాలే పరుగెత్తుతాడు. కొనాలని దాదాపు నిశ్చయించుకున్న మనిషిని సరిగ్గా ఆ నిమిషంలో దొంగను చూసినట్టు చూస్తున్నామన్నమాట. దీనికి ఖర్చు పెట్టనక్కరలేదు. పగటి వెలుతురు పడే ఒక కిటికీ పక్కన నిలువుటద్దం పెట్టి, చీర నచ్చగానే "రండమ్మా, ఎండలో చూద్దురుగాని" అని సేల్స్‌మనే తీసుకువెళ్లాలి. సాయంత్రం వేళ అయితే, రంగు మారే అవకాశం ఉందని నోటితో ముందే చెప్పాలి.

అలాంటిదే మరో క్షణం, "ఇది అసలు పట్టేనా?" అన్న ప్రశ్న. దీనికి సేల్స్‌మన్లు సాధారణంగా ఇచ్చే జవాబు "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నది. నా దృష్టిలో ఇది దుకాణంలో వినిపించకూడని మాట, ఎందుకంటే అడిగినది చీర గురించి, జవాబు మాత్రం అడిగిన మనిషి తప్పు చేసినట్టుగా ఉంది. కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన సిల్క్ మార్క్ లేబులు ఉంటే దాన్ని చూపించండి. చేనేత చీర అయితే 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చూపించండి. లేబులు లేని చోట కొంగు చివర పోగు ఒకటి లాగి, వారి ఎదుటే అగ్గిపుల్లతో కాల్చండి. పట్టుపోగు కాలిన వెంట్రుకల వాసన వేసి, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అర నిమిషం పట్టే ఆ పని తరువాత ఆ బృందం ధర గురించి మాట్లాడే తీరే మారిపోతుంది. ఒకవేళ పట్టులో వేరే పోగు కలిపి నేసిన చీర అయితే ఆ మాట ముందే చెప్పి, ఆ ధరకే అమ్మాలి.

కాగితం మీద గీయడం

సేవను కూడా ఇల్లు కట్టడానికి గీసే ప్లానులా గీయవచ్చునని 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో జి. లిన్ షోస్టాక్ రాసిన వ్యాసం చూపించింది. ఆమె తీసుకున్న ఉదాహరణ వీధి మలుపులో బూట్లు పాలిష్ చేసే పని. బ్రష్ కొట్టడం, పాలిష్ రాయడం, తుడవడం, డబ్బు తీసుకోవడం అన్న అంచెలు వరుసగా గీసి, పాలిష్ రంగు తప్పుగా రాసే ప్రమాదం ఎక్కడుందో గుర్తుపెట్టి, కొనుగోలుదారుకు కనిపించే పనికీ కనిపించని పనికీ మధ్య ఒక గీత గీశారు. మనకు కావలసినది సరిగ్గా ఆ గీతే.

పాత క్యాలెండరు వెనకవైపును అడ్డంగా పరుచుకోండి. మధ్యలో పొడవునా ఒక గీత గీయండి. గీతకు పైన, ఎడమ నుంచి కుడికి, బృందం చేసిన పనులు రాయండి: ఫోన్ చేసి దుకాణం ఎన్నింటిదాకా ఉంటుందని అడగడం, బండి నిలపడం, లోపలికి రావడం, కూర్చోవడం, చూడడం, పక్కన పెట్టడం, బేరం, బిల్లు, కవర్లు తీసుకోవడం, ఫాల్‌కు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, కట్టుకోవడం, ఉతకడం. గీతకు కింద, ఒక్కో పని జరగడానికి దుకాణంలో ఎవరు ఏమి చేయాల్సి వచ్చిందో రాయండి. గీత కింద ఒక పని ఒకరి నుంచి మరొకరికి మారిన ప్రతిచోటా ఎర్ర సిరాతో చిన్న సున్నా చుట్టండి. ఇప్పుడు పై వరుసలో మీ నోటుపుస్తకంలోని ఫిర్యాదు మాటలను వాటి వాటి స్థానాల్లో అతికించండి. ఎర్ర సున్నాలూ ఫిర్యాదులూ ఎక్కువచోట్ల ఒకదాని మీద ఒకటి పడడం మీరే చూస్తారు.

నేను గీసిన ఒక దుకాణంలో ఎనిమిది సున్నాలు వచ్చాయి. గుమ్మంలోని మనిషి నుంచి ఫ్లోర్ మేనేజరుకు, మేనేజరు నుంచి సేల్స్‌మన్‌కు, పట్టు విభాగం నుంచి ఫ్యాన్సీ విభాగానికి, సేల్స్‌మన్ రాసిన చిట్టీ నుంచి బిల్లు కౌంటరుకు, బిల్లు నుంచి డెలివరీ కౌంటరుకు, అక్కడినుంచి ఫాల్ కుట్టే ఆవిడకు, ఆవిడ నుంచి తిరిగి దుకాణానికి, చివరగా దుకాణం నుంచి చీరలు తీసుకెళ్లడానికి వచ్చిన బంధువుకు. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌ను నడిపిన యాన్ కార్ల్‌జన్ తమ ప్రయాణికులు ఒక్కొక్కరు సగటున అయిదుగురు ఉద్యోగులతో, ఒక్కొక్కరితో 15 సెకన్ల చొప్పున మాత్రమే కలుస్తారని లెక్కగట్టి, సంస్థ గురించిన అభిప్రాయమంతా ఆ 15 సెకన్లలోనే ఏర్పడుతుందనేవారు. చీరల దుకాణంలో సేల్స్‌మన్‌తో గడిపే గంటలు చాలా పెద్దవి కాబట్టి దుకాణదారుల శ్రద్ధ అంతా అక్కడే ఉంటుంది. మిగతా ఏడు చోట్లా జరిగే మాట మాత్రం అరనిమిషం దాటదు, దాన్ని గురించి ఎవరికీ ఏమీ నేర్పరు.

ఎనిమిదింటిలో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం: ఫాల్ సంచీ

ఆ దుకాణంలో ఫాల్, పికో కోసం ఇచ్చిన చీరలన్నింటినీ ఒక పెద్ద సంచీలో వేసి, సాయంత్రం ఒక కుర్రాడు స్కూటరు మీద నాలుగు వీధుల అవతల ఇంటి దగ్గర కుట్టే ఆవిడకు అందజేసేవాడు. ప్రతి చీరకూ బిల్లు నంబరు రాసిన కాగితం ముక్కను గుండుసూదితో గుచ్చేవారు. కుట్టే ముందు ఆవిడ సూది తీసి కాగితాన్ని పక్కన పెట్టేది. ఫ్యాను గాలికి కాగితాలు కలిసిపోయేవి. శ్రావణంలో ఒకే గంధం రంగు, ఒకే మెరూన్ అంచు చీరలు రెండు ఒకే రోజు వచ్చి, ఒకరివి మరొకరికి వెళ్లాయి. రెండు చీరల ధరలో తేడా నాలుగు వేల రూపాయలు. తప్పు ఎవరిదని వెతికితే కుర్రాడిదీ కాదు, కుట్టిన ఆవిడదీ కాదు. అంత చిన్న కాగితం మీద అంత పెద్ద బాధ్యత పెట్టిన ఏర్పాటుదే తప్పు. పైగా వానాకాలంలో ఆ సూదులు తుప్పుపట్టి జరీ పక్కన మచ్చలు మిగిల్చేవి.

పరిష్కారం లాండ్రీవాళ్ల దగ్గర దొరికింది. తెల్ల గుడ్డ ముక్క మీద చెరగని సిరాతో వివరాలు రాసి, దాన్ని చీరకు దారంతో రెండు టాకాలు వేసి కట్టడం మొదలుపెట్టాము. ఎక్కడ కట్టాలన్నది కూడా ముఖ్యమే. ఫాల్ పడేది చీర లోపలి కొస నుంచి కింది అంచు వెంట కాబట్టి, గుర్తును కొంగు వైపు అంచుకు కట్టాము. పని పూర్తయ్యేదాకా దాన్ని విప్పవలసిన అవసరమే రాలేదు. ఆ ముక్క మీద బిల్లు నంబరు, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు, కొంగుకు కుచ్చులు కావాలా వద్దా, జాకెట్టు ముక్క కత్తిరించారా లేదా అన్నవి రాశాము. వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అయిదో వివరం: చీర ఇవ్వాల్సిన తేదీకి బదులుగా, చీర కట్టుకునే తేదీ. "శుక్రవారం ఇవ్వాలి" అంటే కుట్టే ఆవిడకు అన్ని శుక్రవారాలూ ఒకటే. "ఆదివారం ఉదయం పెళ్లి" అని కనిపిస్తే ఆ చీర తనంతట తానే పై వరుసకు వచ్చేది.

ఇంకో చిన్న విషయం కూడా అప్పుడే బయటపడింది. కొత్త నూలు ఫాల్‌ను నీళ్లలో నానబెట్టి ఆరబెట్టకుండా కుడితే, మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి చీర అంచును ముడతలు ముడతలుగా లాగేస్తుంది. కొన్నవారు అది చీర నాణ్యత లోపమే అనుకుంటారు, ఎందుకంటే ఫాల్ ఎవరు ఎలా కుట్టారో వారికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. నానబెట్టిన ఫాల్ మాత్రమే వాడాలని, ఫాల్ రంగును కొన్నవారికి చూపించి ఒప్పించిన తరువాతే సంచీలో వేయాలని నియమం పెట్టాము. గీతకు కింద జరిగే పని మూడు నెలల తరువాత గీతకు పైన ఎలా తేలుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎదురుచూపును కొలవడం, తగ్గించడం

బిల్లు కౌంటరు దగ్గర ఒక్కొక్కరు ఎంతసేపు ఆగుతున్నారో తెలుసుకోవడానికి గడియారం పట్టుకుని నిలబడనక్కరలేదు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక సూత్రం ప్రకారం, వరుసలో సగటున ఉన్న మనుషుల సంఖ్యను గంటకు పని పూర్తయి వెళ్లేవారి సంఖ్యతో భాగిస్తే సగటు ఎదురుచూపు గంటల్లో వస్తుంది. ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు పది నిమిషాలకొకసారి వరుసలోని తలలు లెక్కపెట్టండి; ఆ రెండు గంటల్లో పడిన బిల్లులు కంప్యూటరే చెబుతుంది. సగటున 12 మంది ఉండి, గంటకు 40 బిల్లులు పడుతుంటే, ఒక్కొక్కరు 18 నిమిషాలు నిలబడుతున్నారన్నమాట. డెలివరీ కౌంటరుకు ఇదే లెక్క విడిగా వేయండి. రెండూ కలిపి అరగంట దాటితే, పిల్లలతో వచ్చినవారికి మీ దుకాణం గురించి మిగిలే జ్ఞాపకం ఆ అరగంటే.

వేగం పెంచడానికి డబ్బు కావాలి. ఎదురుచూపు బరువు తగ్గించడానికి అంత అక్కరలేదు. ఖాళీగా నిలబడిన సమయం, ఎంతసేపో తెలియని సమయం, తన తరువాత వచ్చినవారికి ముందు పని జరుగుతుంటే చూస్తూ నిలబడిన సమయం ఎక్కువ పొడవుగా అనిపిస్తాయని 1985లో డేవిడ్ మైస్టర్ వివరించారు. మన దుకాణాల్లో మూడో కారణమే ప్రధానం. యజమానికి తెలిసినవారు పక్కనుంచి వచ్చి "మాది రెండే చీరలు" అంటూ బిల్లు వేయించుకుని వెళ్లడం అందరూ చూస్తూనే ఉంటారు. టోకెన్ నంబరు పెడితే ఇది చాలావరకు ఆగుతుంది, కానీ యజమాని తానే టోకెన్‌ను పాటించకపోతే ఆ యంత్రం ఉండీ లేనట్టే. ఇక ఒకటో కారణానికి సులభమైన మార్గం, ఎదురుచూసేవారు కూర్చుని ఫాల్ రంగు ఎంచుకునే ఏర్పాటు చేయడం. ఎలాగూ చేయాల్సిన పనే, ఆ సమయంలో చేస్తే రెండు విధాలా కలిసివస్తుంది.

మొహమాటం దాటి అడగడం

2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రతిపాదించిన పద్ధతి ఇప్పుడు బ్యాంకుల నుంచి ఆసుపత్రుల దాకా అందరూ వాడుతున్నారు: మా గురించి మీ స్నేహితులకు చెప్పే అవకాశం ఎంత అని సున్నా నుంచి పది వరకు అంకె అడిగి, 9, 10 ఇచ్చినవారి శాతం నుంచి 0 నుంచి 6 వరకు ఇచ్చినవారి శాతాన్ని తీసివేస్తారు. వందల శాఖలున్న సంస్థకు ఒక శాఖను మరో శాఖతో పోల్చడానికి అది పనికివస్తుందేమో గానీ, ఒక్క దుకాణానికి దాని వల్ల కలిగే లాభం చాలా తక్కువని నా అభిప్రాయం. ఎదురుగా నిలబడి అంకె అడిగితే మనవాళ్లు మొహమాటానికి తొమ్మిదో పదో చెబుతారు, ఇంటికి వెళ్లేదారిలో ఆటోలో అసలు మాట చెప్పుకుంటారు. ఏడు వచ్చిందని తెలిసినా, ఎక్కడ ఏమి సరిచేయాలో ఆ ఏడు చెప్పదు.

అందుకే అభిప్రాయం అడగకూడదు, జరిగినది అడగాలి. "మా సర్వీసు ఎలా ఉంది?" అంటే జవాబు "బాగుందండీ" అనే వస్తుంది. "ఇవాళ ఎక్కడైనా ఒకే సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందా?", "ఏ కౌంటరు దగ్గర ఎక్కువసేపు ఆగారు?", "చూడాలనుకుని చూడకుండా వెళ్తున్నది ఏదైనా ఉందా?" అని అడిగితే ఎవరినీ నొప్పించకుండానే నిజం చెప్పగలుగుతారు. అడగాల్సిన సమయం కూడా బిల్లు కౌంటరు దగ్గర కాదు. పెళ్లయిన పది రోజులకు, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య, ఇంట్లో కాస్త తీరిక ఉండే వేళ, చీర అమ్మిన సేల్స్‌మన్ కాకుండా వేరొకరు ఫోన్ చేయాలి. అయిదు ప్రశ్నలు మించకూడదు. కొత్త స్టాకు వచ్చిందన్న మాట ఆ ఫోన్‌లో ఎత్తకూడదు. ఒక్కసారి ఎత్తారంటే, తరువాతి ఫోన్ ఎవరూ తీయరు. కొనకుండా వెళ్లిపోయినవారిని గుమ్మం దగ్గర ఒకే ప్రశ్న అడగండి: "ఏ చీర కోసం వచ్చారమ్మా, దొరకనిది?" ఆ జవాబులను వారానికోసారి కొనుగోళ్లు చూసే మనిషికి ఇవ్వాలి.

జ్ఞాపకం ఎక్కడ నిలుస్తుంది

డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం చెయ్యి ఉంచడం ఒకసారి, అదే ఒక నిమిషానికి మరో అర నిమిషం చేర్చి ఆ అర నిమిషంలో నీటిని మెల్లగా ఒక డిగ్రీ వెచ్చబరచడం మరోసారి చేయించారు. మళ్లీ ఒకటి చేయాలంటే ఏది చేస్తారని అడిగినప్పుడు ఎక్కువమంది పొడవైన రెండోదాన్నే ఎంచుకున్నారు. బాధ మొత్తం ఎంతన్నది కాకుండా, అది ఎలా ముగిసిందన్నదే జ్ఞాపకంలో నిలిచింది. దీన్ని దుకాణానికి అన్వయిస్తే చివరి నిమిషాలకు ఎంత విలువ ఉందో అర్థమవుతుంది.

మా చెల్లెలి పెళ్లికి ఒక నగరంలోని పెద్ద దుకాణానికి వెళ్లాము. మూడు గంటలసేపు ఎంతో మర్యాదగా చూశారు, రెండుసార్లు కాఫీ ఇచ్చారు, అమ్మకు కుర్చీ వేశారు, విసుగు లేకుండా వందకు పైగా చీరలు విప్పారు. బిల్లు కట్టిన తరువాత డెలివరీ కౌంటరు దగ్గర పద్నాలుగు కవర్లకు బదులు పదమూడే వచ్చాయి. పద్నాలుగోది మధుపర్కాల కవరు. నలభై నిమిషాలు వెతికారు. ఆ నలభై నిమిషాల్లో ఏ ఒక్కరూ వచ్చి "మేము వెతుకుతున్నాము, మీరు కూర్చోండి" అని చెప్పలేదు. కవరు దొరికింది, నష్టమేమీ జరగలేదు. అయినా ఇప్పటికీ మా ఇంట్లో ఆ దుకాణం మాట వస్తే కాఫీ సంగతి ఎవరికీ గుర్తుండదు, కవరు సంగతే చెప్పుకుంటారు. కవర్లను కొన్నవారి ఎదుటే లెక్కపెట్టి, ఆ సంఖ్యను బిల్లు మీద రాసి, బండి దాకా ఒక మనిషి మోసుకువచ్చి ఉంటే ఆ కథే ఉండేది కాదు.

నిజానికి అసలు ముగింపు దుకాణం గుమ్మంలో కాదు, మొదటి ఉతుకులో ఉంటుంది. ముదురు రంగు నూలు చీర అయితే మొదటిసారి విడిగా ఉతకాలని, పట్టుచీరను కొన్ని నెలలకొకసారి మడత మార్చి పెట్టాలని, సెంటు నేరుగా జరీ మీద కొట్టకూడదని రాసిన చిన్న తెలుగు కాగితం ప్రతి కవరులోనూ ఉండాలి. సేల్స్‌మన్ నోటితో చెప్పాడు కదా అని వదిలేయకూడదు. పెళ్లి హడావుడిలో విన్నది ఎవరికీ గుర్తుండదు.

అమ్మేవారి దారి

కొనుగోలుదారు దారిని ఎంత బాగా గీసినా, సేల్స్‌మన్‌కు ఇచ్చే కమీషన్ దానికి ఎదురు నడుస్తుంటే ఏ మార్పూ నిలవదు. పాత స్టాకు మీద ఎక్కువ కమీషన్ ఇస్తే, కనకాంబరం రంగు గద్వాల చీర అడిగినవారి ముందు రెండేళ్లుగా కదలని ఫ్యాన్సీ చీరలే పడతాయి. బృందానికి అడిగింది చూపించడం లేదన్న సంగతి అయిదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. పాత స్టాకు కదలాలంటే ధర తగ్గించండి. సేల్స్‌మన్ నాలుకను కొనవద్దు. మరొక సంగతి, రాత్రి ఏడు దాటిన తరువాత వచ్చే ఫిర్యాదుల్లో అలసట వాటా ఎంతో గమనించండి. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాన్ని సవరించాయి. మన దగ్గర చట్టం కోసం ఆగనక్కరలేదు, ఒక ఎత్తు బల్ల వేస్తే చాలు.

ఫిర్యాదు వచ్చినప్పుడు

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చు వేయించడం ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులో, గడువు పేర్కొనకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది; బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. కాబట్టి ఆ అచ్చు మిమ్మల్ని కాపాడదు, పైగా డబ్బు కట్టించుకున్న మరుక్షణం కొన్నవారి చేతిలో ఒక బెదిరింపు పెట్టినట్టు అవుతుంది. దాని స్థానంలో ఏది మారుస్తారో, ఎన్ని రోజుల్లో మారుస్తారో, ఎవరిని అడగాలో మూడు వాక్యాల్లో రాయించండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 కూడా అక్కడే అచ్చు వేయించమని నేను చెబితే ఒక యజమాని నవ్వారు. వేయించిన తరువాత ఆయనకు తెలిసింది, ఆ నంబరు చూసినవారు ముందు దుకాణానికే ఫోన్ చేస్తారని. ఫిర్యాదు విన్న మనిషికి, పైవారిని అడగకుండానే, ఒక పరిమితి దాకా అక్కడికక్కడ తేల్చే అధికారం ఇవ్వాలి. "ఓనరు గారు సాయంత్రం వస్తారు" అన్న మాట కూడా చేతులు మారడమే.

దూరం నుంచి కొనేవారి దారిని విడిగా గీయండి. అమెరికాలోని డాలస్‌లో ఉన్న పెళ్లికూతురికి వీడియో కాల్‌లో చీరలు చూపించాలంటే, వేసవి సమయంలో మన ఉదయం 8 గంటలు అక్కడ ముందురోజు రాత్రి 9.30, దుకాణం తెరిచే 10 గంటలకు అక్కడ 11.30 అవుతుంది. కాబట్టి తెరవడానికి ముందు రెండు గంటలు ఆ పనికి కేటాయించి, ఒక్క సేల్స్‌మన్‌నే మొదటినుంచి చివరిదాకా ఉంచండి. ఫోన్ కెమెరా రంగును మారుస్తుంది గనుక, చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూపిస్తే తేడా కొంతవరకు తెలుస్తుంది.

ఒక్కొక్కటిగా మార్చడం

ఎనిమిది సున్నాలూ ఒకేసారి సరిచేయబోవద్దు. ఫిర్యాదులు ఎక్కువ అతికిన సున్నాను ఒకదాన్ని ఎంచుకుని, ఒకే మార్పు చేసి, నాలుగు వారాలు వదలండి. ముందు నాలుగు వారాల్లో ఆ చోట ఎన్ని తప్పులు జరిగాయో, తరువాత నాలుగు వారాల్లో ఎన్ని జరిగాయో గోడ మీది పలక మీద రాయండి. పోల్చేటప్పుడు కాలాన్ని మరచిపోవద్దు. ముహూర్తాలు లేని ఆషాఢంలో తప్పులు తగ్గితే అది మీ మార్పు గొప్పతనం కాకపోవచ్చు, బిల్లులే తక్కువ పడి ఉండవచ్చు. అందుకే తప్పుల సంఖ్య కాకుండా, వంద బిల్లులకు ఎన్ని తప్పులన్నది రాయాలి.

కొత్తగా గీయడానికి ఆషాఢమే అనువైన కాలం. శ్రావణం మొదలవడానికి పది రోజుల ముందు, దుకాణంలో చేరి నెల కూడా కాని ఉద్యోగికి నోటుపుస్తకం ఇచ్చి, ఇంటి నుంచి ఎవరినైనా వెంట తెచ్చుకుని, మామూలు మనిషిలా వచ్చి ఒక చీర కొని, ఫాల్‌కు ఇచ్చి, తిరిగి తీసుకోమనండి. ఆ చీర ఖర్చు దుకాణం భరిస్తుంది, చీర ఆ ఉద్యోగిదే. రాసుకొచ్చిన పుటలను క్యాలెండరు కాగితం పక్కన పెట్టి, కొత్త ఎర్ర సున్నాలు ఎక్కడ పుట్టాయో చూడండి.